ఆటల పీరియడ్ ఎవరి కోసం?



"బూట్లు మర్చిపోయాను నాన్నా!"

నాలుగో తరగతిలో ఉండగా మా అబ్బాయి వరుసగా అయిదు మంగళవారాలు చెప్పిన మాట ఇది. మంగళవారం వాడికి వ్యాయామం పీరియడ్. బూట్లు లేకపోతే ఆడనివ్వరు, చెట్టు కింద కూర్చోమంటారు. మొదట్లో మతిమరుపు అనుకున్నాం. ఆరో వారం మా ఆవిడ ఇల్లు ఊడుస్తుంటే మంచం కింద పాత తువ్వాల్లో చుట్టి దాచిన బూట్లు దొరికాయి. నిలదీస్తే ఏడుస్తూ అసలు సంగతి చెప్పాడు. "క్లాసులో నేనే లావు నాన్నా. జట్లు కట్టేటప్పుడు నన్నెవరూ కోరుకోరు. చివరికి మిగిలిపోతాను. పరిగెత్తితే అందరూ నవ్వుతారు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి బడికి వెళ్ళాను, నిజం చెప్పాలంటే పోట్లాడడానికే వెళ్ళాను. ప్రధానోపాధ్యాయురాలు ఓపిగ్గా విని, మలయ్‌లో ఒక్క మాట అన్నారు. "మీరు ఫ్యాక్టరీలో ప్లానింగ్ చూస్తారట కదా, మా ఆటల పీరియడ్‌కి కూడా ఒక ప్లాను వేసి పెట్టండి." ఆవిడ వెటకారంగా అన్నారో, నిజంగా అడిగారో ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం నిజమనే తీసుకున్నాను. తర్వాత రెండేళ్ళలో నేర్చుకున్నదే ఈ వ్యాసం.

నా గురించి రెండు ముక్కలు. మాది తణుకు దగ్గర ఒక పల్లె. ఉద్యోగం కులిం హైటెక్ పార్కులో. మా ఆవిడ ఇక్కడే పుట్టి పెరిగింది, వాళ్ళ ముత్తాతలు రబ్బరు తోటల పనికి వచ్చినవాళ్ళు. ఆవిడ మేనమామ రిటైరైన ఆటల మాస్టారు. ఈ వ్యవహారంలో నాకు గురువు ఆయనే.

ముందు ఒక చిన్న లెక్క

5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా కాస్త చెమట పట్టే శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే వారానికి 420 నిమిషాలు. ఇక్కడి ప్రాథమిక తరగతుల పాఠ్యప్రణాళికలో వ్యాయామానికి వారానికి ఇచ్చేది సుమారు గంట, దానికి తోడు ఆరోగ్య విద్యకు అరగంట. అంటే బడిలో ఆటల పీరియడ్ పిల్లవాడికి కావలసిన శ్రమలో ఏడో వంతు మాత్రమే!

ఈ లెక్క మావయ్యగారికి చూపించి, "ఇంత తక్కువైతే ఏం లాభం మావయ్యా?" అన్నాను. ఆయన నవ్వి, "అల్లుడూ, ఆ ఏడో వంతు పని ఒళ్ళు తగ్గించడం కాదు. మిగిలిన ఆరు వంతుల మీద ఆశ పుట్టించడం. పీరియడ్‌లో నవ్వులపాలైన పిల్లవాడు సాయంత్రం వీధిలోకి కూడా రాడు. అప్పుడు ఏడు వంతులూ పోతాయి" అన్నారు.

నాకు అసలు విషయం అక్కడ అర్థమైంది. ఆటల పీరియడ్‌ను ముందు పరిగెత్తేవాడిని దృష్టిలో పెట్టుకుని కాదు, చివర నిలబడ్డవాడిని దృష్టిలో పెట్టుకుని వేయాలి. ముందువాడు మనం ఏం చేసినా, చేయకపోయినా ఆడతాడు.

ఇది మా ఇంటి గొడవ మాత్రమే కాదు. మలేషియా జాతీయ ఆరోగ్య సర్వే 2019 ప్రకారం ఇక్కడ 5-17 ఏళ్ళ పిల్లల్లో దాదాపు 30 శాతం మంది అధిక బరువుతోనో, ఊబకాయంతోనో ఉన్నారు. 11-17 ఏళ్ళ పిల్లల్లో 81 శాతం మంది చాలినంత శ్రమ చేయడం లేదని 2016 నాటి ప్రపంచవ్యాప్త లెక్కలు తేల్చాయి. మన ఇళ్ళలో చక్కెర వ్యాధి ఎంత మామూలైపోయిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

వ్యాయామం వేరు, పోటీలు వేరు

చాలామంది తల్లిదండ్రులు (నాతో సహా) ఈ రెంటినీ కలిపేస్తారు. మలేషియాలో ఇవి మూడు వేర్వేరు అంచెలు. మొదటిది క్లాసులో అందరికీ చెప్పే వ్యాయామ, ఆరోగ్య విద్య. ఇది లెక్కలు, సైన్సు లాగే ఒక సబ్జెక్టు. రెండోది బడి వేళల తర్వాత జరిగే సహపాఠ్య కార్యక్రమాలు, అంటే క్లబ్బులు, స్కౌట్ల వంటి యూనిఫాం దళాలు, ఆటలు. ప్రతి విద్యార్థీ కనీసం ఒక ఆటలో పాల్గొనాలనే విధానం 2011లో వచ్చింది. "సతు మురిద్, సతు సుకాన్" అంటారు, ఒక విద్యార్థికి ఒక ఆట అని అర్థం. మూడోది పోటీలు. బడిలో ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ ఇళ్ళుగా విడిపోయి ఆడే వార్షిక క్రీడలతో మొదలై జిల్లా, రాష్ట్ర, దేశ స్థాయిల దాకా వెళతాయి.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, మూడో అంచె వచ్చి మొదటి అంచెను మింగేస్తుంది. వార్షిక క్రీడలకు నెల ముందు నుంచీ పీరియడ్లన్నీ రిలే జట్టు సాధనకే పోతాయి. నలుగురు పరిగెత్తుతారు, ముప్ఫై మంది చప్పట్లు కొడతారు. పరీక్షలు దగ్గర పడితే ఆ పీరియడ్ కూడా లెక్కల టీచరుగారి చేతికి వెళ్ళిపోతుంది.

మన దగ్గర మాత్రం తక్కువా! నేను చదువుకున్న ఊళ్ళో డ్రిల్లు మాస్టారంటే ఈల, బెత్తం, పంద్రాగస్టు కవాతు, అంతే. కానీ మన డ్రిల్లు మాస్టార్ల చరిత్ర అంత చిన్నది కాదు. హ్యారీ బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల మొదలుపెట్టాడు. వ్యాయామం నేర్పడం కూడా ఒక చదువేనని దక్షిణాదికి తెలిసింది అలాగే. అంతకు ముందే మన వీరఘట్టం బిడ్డ కోడి రామమూర్తి నాయుడుగారు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో బడిపిల్లలకు వ్యాయామం నేర్పారు. సర్కసు, గుండె మీద ఏనుగు అన్నీ ఆ తర్వాత సంగతులు. హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ కూడా బడిపంతులే. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి బడిలో ఆటల బాధ్యత చూశారు. ఆయన తయారుచేసిన భారత ఫుట్‌బాల్ జట్లు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చాయి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచాయి. బడిలో ఆటలు నేర్పే మాస్టారుని చిన్నచూపు చూసేవారికి ఈ పేర్లు గుర్తుచేయాలి.

మొదటి మెట్టు: ఉన్నదేమిటో లెక్కపెట్టడం

ఫ్యాక్టరీలో ప్లాను వేసేముందు సరుకెంత, యంత్రాలెన్ని, మనుషులెందరు అని చూస్తాం. బడిలోనూ అంతే. ఎన్ని తరగతులు, ఒక్కో తరగతిలో ఎందరు, వారానికి ఎన్ని పీరియడ్లు, ఒకే వేళకు మైదానంలో ఎన్ని తరగతులు ఉంటాయి, బంతులెన్ని, వాటిలో గాలి నిలిచేవి ఎన్ని, నీడ ఎక్కడ, నీళ్ళెక్కడ, వాన పడితే ఎక్కడికి పోవాలి? ఇవన్నీ ఒక కాగితం మీద రాశాం. మా లెక్కలో బంతులు పదకొండు తేలాయి, అందులో పనికొచ్చేవి నాలుగు. మైదానం పల్లంలో ఉండడంతో పెద్ద వాన పడితే మూడు రోజులు బురదే.

ఆ తర్వాత అనుమతి తీసుకుని ఒక పీరియడ్ మొత్తం స్టాప్‌వాచ్‌తో చెట్టు కింద కూర్చున్నాను. అరగంట పీరియడ్‌లో మైదానానికి వచ్చి వరస కట్టడానికి ఎనిమిది నిమిషాలు, చెప్పింది వినడానికి అయిదు, తిరిగి క్లాసుకు వెళ్ళడానికి నాలుగు. మిగిలిన పదమూడులో నేను గమనించిన ఒక పాప నిజంగా కదిలింది మూడు నిమిషాలే. మిగతా సేపంతా తన వంతు కోసం నిలబడింది. టీచరుగారి తప్పేమీ లేదు. ఆయన పీరియడ్ పొడుగునా ఈల ఊదుతూ చెమటోడుస్తూనే ఉన్నారు. తప్పంతా వరసది.

రెండో మెట్టు: ఏడాది క్యాలెండరు

ఇక్కడ ఊరి వాతావరణం తెలియకపోతే ప్లాను పారేయాల్సిందే. మా కెడా రాష్ట్రంలో జనవరి నుంచి మార్చి దాకా పొడి ఎండ. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా వానలు, ఎక్కువగా మధ్యాహ్నం పూట. 2016 ఏప్రిల్‌లో ఎల్‌నినో ఎండలకు కెడాలోనూ, పక్కనున్న పెర్లిస్‌లోనూ కొన్ని చోట్ల బళ్ళు మూసేశారు. 2023లో ఎండలు ముదిరినప్పుడు ఆరుబయట కార్యక్రమాలు ఆపమని విద్యాశాఖ ఆదేశించింది. ఇవి కాక కొన్ని ఏళ్ళలో అడవులు, పీట్ నేలలు తగలబడి పొగమంచు కమ్ముకుంటుంది. గాలి కాలుష్య సూచిక 100 దాటితే బయట ఆటలు ఆపాలి, 200 దాటితే బడే మూసేయాలి.

ఇంకో విషయం. మలేషియా గడియారం సూర్యుడి కంటే గంటకు పైగా ముందుంటుంది. మాకు మిట్టమధ్యాహ్నం అంటే ఒంటిగంటా ఇరవై ప్రాంతం. అందుకే ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల వేళ ఎండ ఇంకా మెత్తగా ఉంటుంది. ఆటల పీరియడ్లను ఆ వేళకు మార్చమని అడిగాం. పొద్దుటి పీరియడ్లు లెక్కలకే కావాలని పట్టుబట్టినవారూ ఉన్నారు. చివరికి సగం తరగతులకు కుదిరింది.

ఉపవాస మాసం మరో లెక్క. రంజాన్ ప్రతి ఏడూ సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. కాబట్టి నిరుటి క్యాలెండరు ఈ ఏడు పనికిరాదు. ఆ నెలలో పరుగులు, ఫిట్‌నెస్ పరీక్షలు పెట్టకుండా నిదానమైన ఆటలు, ఆరోగ్య పాఠాలు పెట్టుకోవాలి.

మా క్యాలెండరు చివరికి ఇలా కుదిరింది. ఎండ నెలల్లో ఉదయం పూట పరుగు, గెంతు, విసురు వంటి మూల విద్యలు. మధ్య నెలల్లో బంతి ఆటలు. వాన నెలల్లో వరండాలో తాడాట, లయబద్ధమైన వ్యాయామాలు, సంప్రదాయ ఆటలు. ప్రతి వారానికీ "వాన వస్తే ఏం చేయాలి" అని పక్కనే ఒక గడి. ఆ గడి లేని ప్లాను సగం ప్లానే!

మూడో మెట్టు: అరగంటను ఎలా వాడాలి

మావయ్యగారు నాకు నేర్పిన అసలు కిటుకు ఇదే. 36 మంది పిల్లలు, ఒకే వరస, ఒకే బంతి అనుకోండి. ఒక్కొక్కరికి అర నిమిషం పట్టినా అందరికీ ఒక్కో వంతు రావడానికి 18 నిమిషాలు. అదే ఆరుగురేసి ఆరు గుంపులు చేస్తే ప్రతి మూడు నిమిషాలకూ వంతు వస్తుంది. అదే 18 నిమిషాల్లో ఆరు వంతులు! ఖర్చు అయిదు బంతులు మాత్రమే.

ఇక పీరియడ్ కొలత. ముగ్గు గీతలతో ముందే చోట్లు గుర్తుపెడతాం. పిల్లలు వస్తూనే అయిదు నిమిషాలు ఒళ్ళు వేడెక్కే ఆట, పదిహేను నిమిషాలు గుంపుల్లో సాధన, అయిదారు నిమిషాలు చిన్న జట్ల ఆట, చివర రెండు నిమిషాలు నెమ్మదించడం. మాట్లాడేది తక్కువ, చూపించేది ఎక్కువ.

జట్లు పిల్లలు కోరుకునే పద్ధతి పూర్తిగా మానేశాం. పుట్టిన నెలను బట్టో, రంగు రిబ్బన్లను బట్టో జట్లు కడతారు. "ఓడినవాడు బయటికి" అనే ఆటలు కూడా మార్చాం. ఎవరికి సాధన ఎక్కువ కావాలో వాడే ముందుగా బయట కూర్చుంటే ఇక నేర్చుకునేదెప్పుడు? అవుటైనవాడు పది గెంతులు గెంతి మళ్ళీ లోపలికి రావచ్చు.

ఆటల ఎంపికలో నాకు ఎంతో సంతోషం కలిగించిన సంగతి ఒకటుంది. మలయ్ పిల్లల "బాతు సెరెంబాన్" అచ్చంగా మన అచ్చనగాయలు. "చొంగ్‌కాక్" మన వామనగుంటలకు చుట్టం. "కొండా కొండి" మన బిళ్ళంగోడే! సముద్రం దాటి వచ్చిన మనకూ, ఇక్కడివాళ్ళకూ ఆటలు ముందే కలిసి ఉన్నాయి. అచ్చనగాయల్లో మా అబ్బాయిని మించినవాడు వాడి క్లాసులో లేడని అప్పుడే తెలిసింది.

నాలుగో మెట్టు: భద్రత

ఇది పొడుగైన జాబితా, కానీ ఒక్కటీ వదలడానికి లేదు.

ఏడాది మొదట్లో ప్రతి పిల్లవాడి ఆరోగ్య వివరాలు తీసుకోవాలి. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవారి పేర్లు ఆటల టీచరు దగ్గర ఉండాలి, ఆఫీసు బీరువాలో కాదు. ఉబ్బసం ఉన్న పిల్లల ఇన్‌హేలరు మైదానంలోనే ఉండాలి.

కదిలించగల గోలుపోస్టులను నేలకు గట్టిగా బిగించాలి. పిల్లలు వాటికి వేలాడినప్పుడు మీద పడి ప్రాణాలు పోయిన సంఘటనలు అనేక దేశాల్లో జరిగాయి.

ఉరుము వినబడగానే ఆట ఆపి లోపలికి రావాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. ఎండ రోజుల్లో దాహం వేసేదాకా ఆగకుండా మధ్యలో నీళ్ళ విరామం ఇవ్వాలి. తల తిరగడం, వాంతి, మాట తడబడడం కనిపిస్తే నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి చల్లబరుస్తూ వెంటనే వైద్య సాయం పిలవాలి.

పరుగు శిక్షగా వేయకూడదు. "అల్లరి చేశావు, రెండు రౌండ్లు కొట్టు" అంటే పరుగు అనేది శిక్ష అని మనమే నేర్పినట్టు.

అయిదో మెట్టు: కొలత

మలేషియా బడుల్లో నాలుగో తరగతి నుంచీ "సెగాక్" అనే ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. ఏడాదికి రెండుసార్లు పెడతారు. మూడు నిమిషాలు బల్ల ఎక్కి దిగి నాడి చూడడం, నేల మీద దండీలు, సగం లేచి పడుకునే పొట్ట వ్యాయామం, కూర్చుని కాళ్ళు చాపి చేతులతో ముందుకు అందుకోవడం. వీటికి తోడు ఎత్తు, బరువు చూసి బీఎంఐ లెక్కకడతారు.

పరీక్ష మంచిదే. దాన్ని వాడే తీరులోనే మంచీ చెడూ ఉన్నాయి. మా అబ్బాయి బరువు ఒకసారి అందరి ముందూ గట్టిగా చదివారట. బూట్లు దాచడం ఆ తర్వాత వారం నుంచే మొదలైంది. ఇప్పుడు బరువు తూచేది తెర వెనక. అంకె పిల్లవాడి పుస్తకంలోనే ఉంటుంది. తల్లిదండ్రులకు ఒక మాట చెప్పాలి, పిల్లల బీఎంఐని పెద్దల పట్టికతో చూడకూడదు. వయసును బట్టి, ఆడా మగా బట్టి వేరే పట్టికలు ఉంటాయి.

మార్కుల పక్కన ఇంకో గడి పెట్టించాం: "నీ పోయినసారి లెక్క." పక్కవాడితో కాకుండా తనతో తాను పోల్చుకోవడానికి. పీరియడ్‌కు కూడా మూడు కొలతలు పెట్టుకున్నాం. ఈ నెల ఎన్ని పీరియడ్లు జరిగాయి, ఎన్ని పోయాయి? చెట్టు కింద ఎందరు కూర్చున్నారు? గమనించిన పిల్లవాడు ఎన్ని నిమిషాలు కదిలాడు? చెట్టు కింద కూర్చునేవారి సంఖ్య పెరిగితే లోపం పిల్లల్లో లేదు, ప్లానులో ఉందని అర్థం.

మరి ఫలితం?

అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పను. పరీక్షల నెలలో ప్లాను మళ్ళీ చిత్తయింది. బాగా శ్రద్ధ పెట్టిన ఒక టీచరు బదిలీ మీద వెళ్ళిపోయారు, కొత్తవారికి మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది. ప్లాను మనుషుల తలల్లో కాక కాగితం మీద ఉండాలని అప్పుడు తెలిసింది. బంతుల్లో ఆరు ఏడాది తిరక్కుండా పోయాయి.

కానీ నేను కొలిచినప్పుడు పిల్లలు కదిలే సమయం మూడు నిమిషాల నుంచి పన్నెండు దాకా పెరిగింది. చెట్టు కింద ఇప్పుడు నిజంగా జ్వరం వచ్చినవాళ్ళే కూర్చుంటున్నారు. మా అబ్బాయి ఛాంపియన్ ఏమీ కాలేదు, ఇంకా బొద్దుగానే ఉన్నాడు. అయితే సాయంత్రం వీధిలో ఎదురింటి పిల్లలతో తాడాట ఆడుతున్నాడు. బూట్లు గుమ్మం దగ్గరే ఉంటున్నాయి, మట్టి కొట్టుకుపోయి. ఆ మట్టి చూసి విసుక్కోని మొదటి తల్లి మా ఆవిడే అనుకుంటాను!

మన ఊరి బడి మాటేమిటి?

మనలో చాలామంది సొంత ఊరి బడికి ఏదో ఒకటి ఇవ్వాలనుకుంటాం. గేటు కట్టించి పేరు చెక్కిస్తాం, కంప్యూటర్లు పంపిస్తాం. భారతదేశంలో 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటుంది. 6-8 తరగతుల్లో వందమందికి పైగా పిల్లలుంటే ఆరోగ్య, వ్యాయామ విద్యకు పార్ట్‌టైం బోధకుడు ఉండాలని కూడా అంటుంది. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు ఒక్క పూట బడిలో ఆటల పీరియడ్ చూడండి. ఎందరు ఆడుతున్నారు, ఎందరు చూస్తున్నారు లెక్కపెట్టండి. మైదానం చదును చేయించడం, నాలుగు నీడచెట్లు, తాగునీటి కుళాయి, ఆడపిల్లలు దుస్తులు మార్చుకోవడానికి ఒక గది, ఏటా డజను బంతులు, ఇరవై తాళ్ళు. కప్పుల కంటే, మెడల్స్ కంటే ఇవి ఎక్కువమందికి అందుతాయి.

మీరున్న దేశంలోనూ తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళినప్పుడు మార్కుల గురించి అడిగాక ఇంకొక్క ప్రశ్న అడగండి: "మా వాడి ఆటల పీరియడ్ ఈ నెల ఎన్నిసార్లు జరిగింది?" ఇంటికొచ్చాక పిల్లల బూట్ల వైపు కూడా ఒకసారి చూడండి. మరీ శుభ్రంగా ఉంటే, కాస్త పక్కన కూర్చుని మాట్లాడండి.

మీ బడుల్లో ఇలాంటి ప్రయత్నాలు జరిగి ఉంటే తప్పక రాయండి, అందరం నేర్చుకుందాం. సెలవు.